ఎనభై ట్రయల్ బాల్స్ తర్వాత కొట్టిన సిక్స్‌ని లెక్కలో వేయకండి

శనివారం రాత్రి హిట్‌మ్యాన్ వీడియో గేమ్ పోటీ నడిపే అన్నలకు, ఆడేవాళ్లకు, ఆడకుండా కూర్చుని నవ్వే బ్యాచ్‌కి కూడా,

నమస్తే. నేను మొన్నటి సీజన్‌లో కింద నుంచి రెండో స్థానం వాణ్ని. ఓడిపోయినోడి ఏడుపు అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. కానీ మిగతాది కూడా చదవండి. మీరు పెట్టిన కొత్త రూల్ చూశాక రెండు రోజులు ఊరుకుందామనుకున్నా, ఊరుకోలేకపోయా. విడివిడిగా ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెబితే చాటుమాటు వ్యవహారం అవుతుంది, ఆ చాటుమాటు పనులు చేయడానికి మనకి గేమ్‌లో గుండాయన ఉన్నాడు కదా, అందుకే ఇది అందరికీ కనిపించేలా రాస్తున్నా.

విషయం తెలియనివాళ్ల కోసం కొత్త రూల్ ఏంటో చెప్తా. వచ్చే సీజన్ నుంచి కాంట్రాక్ట్ నంబర్ (ఆ వారం ఎవర్ని ఎలా చంపాలో మనలో ఒకరు తయారు చేసే మిషన్ నంబర్) శుక్రవారం రాత్రే ఇచ్చేస్తారట. ఆదివారం రాత్రి దాకా ఎవరికి వాళ్లు ఎన్నిసార్లైనా ఆడుకోవచ్చట. చివరికి గేమ్ లీడర్‌బోర్డ్‌లో ఎవరి స్కోర్ పైనుంటే వాళ్లదే గెలుపు. ఇన్నాళ్లూ అందరం చూస్తుండగా ఒక్కొక్కరు ఆడే పద్ధతి ‘చాలా టైమ్ తినేస్తోంది’ కాబట్టి దాన్ని ఇష్టమున్నవాళ్లకి వదిలేశారు. ఇష్టమున్నవాళ్లకి వదిలేయడం అంటే ఏంటో మనకి తెలుసు, అపార్ట్‌మెంట్‌లో యోగా క్లాస్‌కి పట్టిన గతే.

మా చిన్నాన్న కొడుకులు కూడా ఇది చదువుతారు, వాళ్లకి ఈ ఆట తెలీదు, కాబట్టి ఒక్క పేరా ఓపిక పట్టండి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్‌లో ఉండే ఐఓ ఇంటరాక్టివ్ అనే కంపెనీ 2000లో మొదటి హిట్‌మ్యాన్ తెచ్చింది. హీరో ఏజెంట్ 47. గుండు, గుండు వెనకాల బార్‌కోడ్, నల్ల సూటు, ఎర్ర టై. ఇచ్చిన మనిషిని చంపి బయటికి రావాలి, అంతే పని. కానీ తుపాకీ పట్టుకుని ఊగిపోతే ఆట అయిపోతుంది. వేషం మార్చాలి, వంటవాడిలాగానో సెక్యూరిటీలాగానో మనుషుల మధ్య తిరగాలి, ఎవడు ఎప్పుడు ఒంటరిగా దొరుకుతాడో చూసుకోవాలి. పగటివేషగాళ్లని చూసి పెరిగిన జాతి మనది, ఈ ఆట మనకి కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? ఒకసారి మా అమ్మ టీవీ వైపు చూసి ‘ఆ గుండాయన ఏం చేస్తుంటాడ్రా’ అని అడిగింది. వంటవాడమ్మా అన్నాను. ఆ క్షణానికి అది నిజమే, తెల్ల కోటు వేసుకుని ఉల్లిపాయల పక్కన నిలబడున్నాడు.

ఎవరి కంటా పడకుండా, టార్గెట్‌ని తప్ప ఇంకెవర్నీ చంపకుండా, శవం గానీ స్పృహ తప్పించిన మనిషి గానీ ఎవరికీ దొరక్కుండా, కెమెరాలో పడితే ఆ రికార్డింగ్ కూడా చెరిపేసి బయటికొస్తే ‘సైలెంట్ అసాసిన్’ అని ఇస్తాడు. ప్రమాదంలా కనిపించే చావైతే శవం దొరికినా పర్లేదు. ఇక్కడిదాకా అంతా బాగుంది. గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. ఇద్దరూ సైలెంట్ అసాసిన్ తెచ్చుకుంటే పైన ఎవరు కింద ఎవరు అనేది గడియారం చూసి తేలుస్తారు. ఎంత త్వరగా బయటపడితే అంత ఎక్కువ స్కోర్. అంటే ఓపికతో ఆడాల్సిన ఆటకి మార్కులు మాత్రం తొందరకి వేస్తున్నారు! పెళ్లి భోజనంలో ఎవరు ముందు విస్తరి మడిస్తే వాళ్లకి బహుమతి అన్నట్టుంది.

అసలు ఈ పోటీ మన మధ్య ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. 2016లో కొత్త హిట్‌మ్యాన్‌ని ఒక్కసారిగా ఇవ్వలేదు, ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి ఒక్కో ఊరి మ్యాప్ ఇచ్చారు. మార్చిలో పారిస్, ఏప్రిల్ చివర్లో సాపియెంజా, మే చివర్లో మరాకేష్, ఆగస్టులో బ్యాంకాక్, సెప్టెంబర్‌లో కొలరాడో, అక్టోబర్ 31న హొక్కైడో. అప్పుడు చాలామంది తిట్టుకున్నారు, సగం గేమ్‌కి డబ్బులేంటని నేనూ తిట్టుకున్నా. కానీ చేతిలో ఒక్క పారిస్ మాత్రమే ఉన్న ఆ ఆరేడు వారాల్లో ఏం చేశాం? అదే భవనంలో అదే ఫ్యాషన్ షోలో పడి తిరిగాం. అక్కడి ఇద్దరు టార్గెట్లలో నోవికోవ్ ఎన్ని గ్లాసులు తాగుతాడు, డాలియా మార్గోలిస్ పై అంతస్తులో ఏ గదిలోంచి ఏ గదికి వెళ్తుంది, కింద వంటింట్లో ఎవడు ఎప్పుడు పక్కకి తిరుగుతాడు, అన్నీ నోటికొచ్చేశాయి. సంక్రాంతికి కలిసినప్పుడు ‘నేను వాడి మీద షాండిలియర్ పడేసి చంపా’ అని ఒకడంటే, ‘అది అందరూ చేస్తారు, నేను మోడల్ వేషం వేసుకుని ర్యాంప్ మీద నడిచి మరీ వచ్చా’ అని ఇంకొకడు. ఎంత టైమ్ పట్టిందని ఒక్కడైనా అడిగాడా? ఎలా చేశావనే అడిగాం. పోటీ అంటే అదే అప్పట్లో, ఎవడి కథ బాగుంటే వాడు గెలిచినట్టు.

తర్వాత కాంట్రాక్ట్స్ మోడ్‌లో పడ్డాం. 2012లో అబ్సల్యూషన్ అనే పాత హిట్‌మ్యాన్ గేమ్‌తో వచ్చిన మోడ్ అది, కానీ మన చేతికి సరిగ్గా చిక్కింది మాత్రం 2016 తర్వాతే. ఆటలో ఉన్న మామూలు మనుషుల్లో ఎవర్నైనా, ఐదుగురి దాకా, టార్గెట్‌గా పెట్టుకోవచ్చు. ఏ ఆయుధంతో, ఏ వేషంలో చంపాలో షరతు పెట్టుకోవచ్చు. హిట్‌మ్యాన్ 3 నుంచి ఇంకా కొన్ని షరతులు కలిశాయి, శవాలు దాచాలి, ఎవర్నీ స్పృహ తప్పించకూడదు, ఫలానా దారినే బయటికెళ్లాలి లాంటివి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఏంటంటే, కాంట్రాక్ట్ పెట్టేవాడు ముందు తానే ఆ చంపుళ్లు చేసి చూపించి బయటపడాలి, అప్పుడే నంబర్ వస్తుంది. నోటికొచ్చిన షరతు పెట్టి ‘చెయ్యి చూద్దాం’ అనే వీల్లేదు. ఈ ఒక్క నియమం మన శాసనసభల్లో కూడా ఉంటే ఎంత బాగుండేదో, సరే అది వేరే ఉత్తరం.

ఇప్పుడు అసలు మాటకొస్తా. ఈ ఆటలో మనుషులు గడియారం ముళ్లలాంటివాళ్లు. మొదలెట్టిన ప్రతిసారీ అదే చోట నుంచి అదే దారిలో నడుస్తారు, అదే మాట మాట్లాడతారు, అదే గోడ దగ్గర ఆగుతారు. మనం కదిలిస్తే తప్ప మారరు. కాబట్టి రీస్టార్ట్ కొట్టేకొద్దీ ఆట బట్టీ పట్టడం అయిపోతుంది. ఇరవయ్యోసారికి ఎడమ గార్డ్ ఏ సెకనులో వీపు చూపిస్తాడో తెలుస్తుంది, నలభయ్యోసారికి గార్డ్‌ని చప్పుడుతో పక్కకి మళ్లించే నాణెం ఏ రాయి మీద వేయాలో తెలుస్తుంది, ఎనభయ్యోసారికి వేళ్లే ఆడతాయి, మనిషి ఆడడు. గల్లీ క్రికెట్‌లో ట్రయల్ బాల్ ఉండేది కదా, మొదటి బంతికి అవుటైనా లెక్క కాదు. కొత్త రూల్ ఏం చేస్తోందంటే, ఒకడికి ఎనభై ట్రయల్ బాల్స్ వేసి, ఎనభై ఒకటో బంతి ఎక్కడ పడుతుందో ముందే చెప్పి, వాడు సిక్స్ కొట్టాక మనందర్నీ చప్పట్లు కొట్టమంటోంది. కొడతాం, ఎందుకు కొట్టం. కానీ రెండో రోజు పొద్దున ఆ సిక్స్ ఎవరికైనా గుర్తుంటుందా?

బావ గ్లాసులు మాత్రం మీ అందరికీ గుర్తున్నాయి. కొత్తగా చేరినవాళ్ల కోసం మళ్లీ చెప్తా, పాతవాళ్లు కూడా చదవండి, ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నా నష్టం లేదు.

పారిస్. కాంట్రాక్ట్ పెట్టింది వైజాగ్ అన్న. ఇద్దరు టార్గెట్లు, మొదటివాడు వంటింటి స్టాఫ్‌లో ఒకడు, ఎలాగైనా చంపొచ్చు, రెండోవాడు పైన అతిథుల్లో ఒకాయన, ప్రమాదంలాగే పోవాలి. మనకి రాత్రి తొమ్మిదిన్నర, డల్లాస్‌లో బావకి పొద్దున పదకొండు. బావ మ్యాప్ ఆడి ఏడాది దాటింది, బటన్లు కూడా సరిగ్గా గుర్తు లేవు, మొదట్లోనే కూర్చోబోయి నాణెం విసిరేశాడు, రెడ్ కార్పెట్ మీద. ఎలాగో కిందకి దిగాడు, ఒక వెయిటర్‌ని పడేశాడు, బట్టలు మార్చుకున్నాడు, వెయిటర్‌ని పెట్టెలో పెట్టాడు. మొదటి టార్గెట్ పని చేశాడు, ఆ శవాన్ని కూడా ఇంకో పెట్టె వెతికి దాచాడు. ఇక్కడిదాకా పన్నెండు నిమిషాలు. ఇక్కడిదాకా మనమంతా ఆవలింతలు.

తర్వాత పైన బార్ దగ్గరికి వెళ్లాడు. తలమీద తెల్ల చుక్క ఉన్న వెయిటర్ ఒకడు అటే వస్తున్నాడు. చుక్క ఉన్నోడు మన వేషాన్ని పట్టేస్తాడని తెలుసు కదా, వాడి దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఎవరెవరో వాడికి తెలుసు కాబట్టి. అనుమానం గుర్తు మెల్లగా నిండుతోంది. బావ కంగారులో బార్ వెనక్కి దూరి, ఏదో బటన్ నొక్కాడు, అది పని చేస్తున్నట్టు నటించే బటన్. గుండాయన తాపీగా గ్లాసు తుడవడం మొదలెట్టాడు. చుక్క వెయిటర్ ఆగాడు. చూశాడు. వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. బావకి చెయ్యి తీయడానికి ధైర్యం చాల్లేదు. ఆరు నిమిషాలు! లెక్కపెట్టాం, ఆరు నిమిషాలు గ్లాసులు తుడుస్తూ నిలబడ్డాడు, వాడు పోవడం, రావడం, పోవడం. మైక్‌లో ఎవ్వరం మాట్లాడట్లేదు. అప్పుడు వెనకాల నుంచి అక్క గొంతు వినపడింది, ‘పెళ్లై పదకొండేళ్లైంది, ఇంట్లో ఒక్క గ్లాసు తుడిచిన మనిషి కాదు’ అని. విజయవాడ తమ్ముడు నవ్వి నవ్వి కుర్చీలోంచి పడ్డాడు, నిజంగానే పడ్డాడు, చప్పుడు మాకూ వినపడింది.

చివరికి అతిథి గ్లాసులో ఎలుకల మందు కలిసింది, ఆయన కడుపు పట్టుకుని బాత్రూమ్‌కి పరిగెత్తాడు, వెనకాలే బావ. మిగతాది మీకు తెలుసు. ముప్పై నాలుగు నిమిషాల చిల్లర, సైలెంట్ అసాసిన్, ఐదు నక్షత్రాలు. గేమ్ లెక్కలో ఆ రన్ ఎక్కడో అడుగున ఉంటుంది. అదే కాంట్రాక్ట్‌ని తర్వాత మనలో ఒకరు (పేరు చెప్పను, చెప్పక్కర్లేదు) సరదాగా కూర్చుని రెండు నిమిషాల లోపుకి తెచ్చారు. ఆ రన్ వీడియో కూడా పంపారు. నిజం చెప్పండి, ఎంతమంది చివరిదాకా చూశారు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే గొడవ వేరే దారి పడుతుంది. స్పీడ్‌రన్, అంటే గడియారంతో పందెం ఆడేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. సూట్ మార్చకుండా, ఎవర్నీ పడేయకుండా, కళ్ల ముందే నడుచుకుంటూ వెళ్లి నిమిషంలో పని ముగించి బయటికొచ్చేవాళ్లని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. గార్డ్ చూపు ఎంత దూరం పడుతుంది, తలుపు తెరిచిన చప్పుడు ఎవరికి వినిపిస్తుంది, మూటలాగా విసిరిన బ్రీఫ్‌కేస్ ఎలా తిరిగి వెళ్లి తగులుతుంది, ఇవన్నీ వాళ్లు తవ్వి పెట్టబట్టే మనకి తెలిశాయి. (2018లో ఆ బ్రీఫ్‌కేస్ మనిషి వెంటపడి మరీ తగిలేది, మీకు గుర్తుందా, దాన్ని కంపెనీ సరిచేస్తే జనం మళ్లీ కావాలని అడిగి తెప్పించుకున్నారు.) అది ఒక విద్య. కానీ అది ఒంటరి విద్య. మనిషి తనతో తాను పోటీ పడే పని. పదిమంది కలిసి కూర్చుని నవ్వుకోవడానికి పెట్టుకున్న శనివారం రాత్రికి అదే కొలబద్ద అయితే, పరుగు పందెం వాడి స్టాప్‌వాచ్ తెచ్చి అష్టాచెమ్మా మీద పెట్టినట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది మీరు ఆలోచించినట్టు లేరు. మనలో నలుగురు ప్లేస్టేషన్, మిగతావాళ్లు కంప్యూటర్. రెండింటికీ లీడర్‌బోర్డ్‌లు వేరు, కాంట్రాక్ట్ నంబర్లు వేరు. ఇప్పటిదాకా అన్న ఒకవైపు పెడితే, రెండోవైపు వాళ్ల కోసం అదే కాంట్రాక్ట్‌ని తమ్ముడు మళ్లీ ఆడి తయారు చేస్తున్నాడు. ఇకమీదట ఏ బోర్డు చూసి ఎవర్ని విజేత అంటారు? దానికి తోడు మనుషులు ఆడలేని టైములు బోర్డు నెత్తిన కూర్చుని ఉండటం మనం చూడందేం కాదు.

బోర్డు మీద నమ్మకం గురించి ఇంకొక్క సంగతి. ఘోస్ట్ మోడ్ గుర్తుందా? 2018 నవంబర్‌లో హిట్‌మ్యాన్ 2తో వచ్చింది, మొదట మయామీలో. ఇద్దరు ఆడాలి, ఎవరి ప్రపంచం వాళ్లది, పక్కవాడు మాత్రం దెయ్యంలా మసకగా కనిపిస్తుంటాడు. ఇద్దరికీ ఒకే టార్గెట్. ఎవరూ చూడకుండా చంపితేనే పాయింట్, ముందు ఐదు తెచ్చుకున్నవాడు గెలుస్తాడు. ఒకడు చంపగానే రెండోవాడికి ఇరవై సెకన్లు టైమ్ ఉంటుంది, ఈలోపు వాడు కూడా చంపేస్తే మొదటివాడి కష్టం నీళ్లపాలు. ఆ ఇరవై సెకన్లలో ఉన్న టెన్షన్ నాకు ఐపీఎల్ చివరి ఓవర్లో కూడా రాలేదు. పక్కవాడి ప్రపంచంలో చప్పుడయ్యేలా విసిరే నాణేలు కూడా ఉండేవి, అవి వైజాగ్ అన్న చేతిలో పడితే ఇక అంతే, ఆయన ఆట మానేసి పూర్తిగా మన ఆట చెడగొట్టే పనిలో ఉండేవాడు. నా దృష్టిలో హిట్‌మ్యాన్‌లో వచ్చిన నిజమైన పోటీ అదొక్కటే. 2020 ఆగస్టు 31న సర్వర్లు ఆపేశారు. అంతే, పోయింది. అందులో ఎవడు ఎన్ని గెలిచాడో ఇప్పుడు ఎక్కడా లేదు, ఒక్క మన లాంగ్ నోట్‌బుక్‌లో తప్ప, అది కూడా విజయవాడ తమ్ముడు మొదటి నుంచీ రాసిపెట్టబట్టి. లీడర్‌బోర్డ్ వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, నోట్‌బుక్ తమ్ముడి బీరువాలో ఉంటుంది. నేను బీరువా వైపు.

మరి నువ్వేం చేయమంటావ్ అంటారు. ఎల్యూసివ్ టార్గెట్ పద్ధతి పెట్టమంటాను.

2016 మేలో మొదటి ఎల్యూసివ్ టార్గెట్ వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. పారిస్‌లోనే, ఫోర్జర్ అనేవాడు. నలభై ఎనిమిది గంటలు మాత్రమే ఉంటాడు. సేవ్ చేసుకోవడానికి లేదు. మ్యాప్‌లో వాడు ఎక్కడున్నాడో చూపించరు, ఫొటో చూసి వెతుక్కోవాలి. తప్పి నువ్వు చచ్చావో, వాడు తప్పించుకున్నాడో, అప్పట్లో ఇక వాడు నీకు మళ్లీ రాడు. నేను గంటన్నర తిరిగాను వాడి వెనకాల, ఒక్క గోడ దగ్గర పది నిమిషాలు కూర్చుని వాడు ఏ మెట్లెక్కుతాడో చూశాను, అరచేతులు తడిసిపోయి కంట్రోలర్ లుంగీకి తుడుచుకున్నాను. ఆ రోజు గెలిచాను. తర్వాత మయామీలో షాన్ బీన్ వచ్చినప్పుడు (సినిమాల్లో ఎప్పుడూ చచ్చిపోతాడని పేరున్న నటుణ్ని తెచ్చి ‘చావులేనివాడు’ అని బిరుదిచ్చి చంపమన్నారు, ఆ చమత్కారానికి దండం) అప్పుడు తప్పాను, ఘోరంగా తప్పాను, ఏం జరిగిందో రాయను. రెండూ ఇప్పటికీ గుర్తున్నాయి. మామూలుగా ఆడిన వందల రన్‌లలో ఒక్కటి గుర్తు లేదు.

2023 జనవరిలో వచ్చిన ఫ్రీలాన్సర్ మోడ్ కూడా ఇదే దారిలో వెళ్లింది చూడండి. సేవ్ లేదు, తప్పితే మోసుకెళ్లిన సామాను పోతుంది, సంపాదించిన డబ్బులో సగం పోతుంది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ పారిస్‌లో అడుగు పెడితే గుండె కొట్టుకుంది నాకు. మ్యాప్ అదే, మనుషులు వాళ్లే, మారిందల్లా వెనక్కి వెళ్లే దారి మూసేయడం.

కాబట్టి నేను అడిగేది ఇదీ. కాంట్రాక్ట్ నంబర్ శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి అందరి ముందే ఇవ్వండి, ఒక్క నిమిషం కూడా ముందు వద్దు. ఒక్కొక్కరికి ఒకే ఒక్క రన్, సేవ్ లేదు, రీస్టార్ట్ లేదు. మొదటి రెండు నిమిషాల్లో చేయి జారితే మాత్రం ఒక్క ట్రయల్ బాల్ ఇద్దాం, బావ లాంటివాళ్ల కోసం. నలభై ఐదు నిమిషాలు దాటితే అవుట్, ఎందుకంటే టైమ్ తినేస్తోందన్న మీ మాటలో న్యాయం ఉంది, మొన్న నేనే ఒక గార్డ్ నిద్రపోతాడేమోనని ఇరవై నిమిషాలు ఎదురు చూశాను, ఆ గార్డ్ నిద్రపోయే రకం కాదని అందరికీ తెలుసు, నాకు తప్ప. ముగ్గురు ముగ్గురుగా ఒకేసారి స్క్రీన్ షేర్ చేసి ఆడితే గంటన్నరలో అయిపోతుంది. ముందాడినవాళ్లని చూసి వెనకవాళ్లు నేర్చుకుంటారు అంటారేమో, నేర్చుకోనివ్వండి. ఎవరు ముందు అనేది చీటీలు వేద్దాం, ఈ వారం చివర ఆడినవాడు వచ్చేవారం మొదట.

టైమ్ పూర్తిగా తీసేయమనట్లేదు. ఇద్దరూ సైలెంట్ అసాసిన్ అయితే, చూసినవాళ్లు చేతులెత్తి ఓటేయాలి, ఎవరి రన్ బాగుందో. ఓట్లు సమానమైతే అప్పుడు గడియారం చూద్దాం. ఓటింగ్‌లో బంధుప్రీతి ఉంటుందని అన్న అనుమానం, నాకు తెలుసు. ఉంటుంది. బావకి నేను ఓటేస్తాను, దాచేదేముంది. అయినా గడియారానికన్నా అదే నయం, కనీసం బంధుప్రీతి మీద పోట్లాడుకోవచ్చు.

కాంట్రాక్ట్ పెట్టినవాడు ఆ వారం ఆడకూడదు. వాడికి అన్నీ తెలుసు కాబట్టి వాడే అంపైర్. ఇన్నాళ్లూ పెట్టినవాడే గెలిచిన వారాలు మూడున్నాయి, నోట్‌బుక్ తెరిచి చూసుకోండి. ఇది ఎవరి మీదా ఆరోపణ కాదు, మూడింట్లో ఒకటి నేనే, నా సీజన్ మొత్తం మీద గెలిచిన వారం కూడా అదొక్కటే. దాన్ని కూడా కొట్టేయండి, అప్పుడు కింద నుంచి మొదటి స్థానం నాదవుతుంది, పర్లేదు.

ఇంకా ఒక మనిషి గురించి చెప్పి ముగిస్తా. మన మధ్య ఈ మధ్యే చేరిన నిజామాబాద్ చెల్లెలు. నర్సింగ్ డ్యూటీలు, వారానికి ఒక్క రాత్రి దొరుకుతుంది, ఆ రాత్రి మనతో ఆడటానికి పెట్టుకుంది. హొక్కైడో మొదటిసారి ఆడింది మన ముందే. హాస్పిటల్ మ్యాప్ అది, మొదట్లో లోపలికి ఏ సామానూ తీసుకెళ్లడానికి ఉండదు, వేసుకున్న బట్టల్లో ఉండే చిప్‌ని బట్టే తలుపులు తెరుచుకుంటాయి. మనం అందరం ‘కుడికెళ్లు, పైకెళ్లు’ అని అరుస్తుంటే, ఆవిడ వినిపించుకోకుండా కారిడార్‌లో నిలబడి స్టాఫ్ ఎటు నుంచి ఎటు పోతున్నారో చూసింది, చాలాసేపు. ‘హాస్పిటల్లో ఎవడు ఏ తలుపులోకి పోతున్నాడో చూస్తే చాలన్నా, వాడి పనేంటో తెలిసిపోతుంది’ అంది. తెలిసిపోయింది కూడా. ఎవరి కంటా పడలేదు, ఒక్క మనిషిని కూడా అనవసరంగా పడేయలేదు. ఇరవై ఏడు నిమిషాలు. కొత్త రూల్ కింద ఆవిడ ఆదివారం రాత్రికి ఎన్నిసార్లు ఆడగలదు? ఒక్కసారి. మిగతావాళ్లు వంద. ఆవిడ నాతో ఏమీ అనలేదు, నేనే అంటున్నా. మొన్న శనివారం మాత్రం రాలేదు, డ్యూటీ ఉందని మెసేజ్ పెట్టింది. ఉండే ఉంటుంది.

మీరు కాదంటే గొడవ పెట్టుకోను, కొత్త పద్ధతిలోనే ఆడతా, అడుగునే ఉంటా, అలవాటైన చోటే. కానీ ఈ వారం కాంట్రాక్ట్ పెట్టే వంతు నాది, రూల్ వచ్చే సీజన్ నుంచి కదా, కాబట్టి ఈ ఒక్కసారి పాత పద్ధతి. ముంబై మ్యాప్, ఇద్దరు టార్గెట్లు, ఒకడు బట్టలుతికే చోట, ఇంకొకడు రైల్వే యార్డ్ దగ్గర. షరతు ఒకటుంది, అది అప్పుడే చెప్తా. నేను చేసి బయటపడటానికి పదకొండుసార్లు పట్టింది కాబట్టి చేయొచ్చని హామీ. కంప్యూటర్ వాళ్ల నంబర్ తమ్ముడు తయారు చేస్తున్నాడు, వాడు కూడా ఈ వారం అంపైరే, లంచాలు వాడికి పంపొద్దు. చెల్లెలికి డ్యూటీ చార్ట్ అడిగి చూశా, శనివారం ఖాళీనే. తొమ్మిదిన్నరకి నంబర్ ఇస్తా.

బావా, తుడవడానికి గ్లాసులు దొరక్కుండా ఉండే మూల చూసే ఈసారి మనుషుల్ని ఎంచా. బట్టలైతే ఉన్నాయి, మడతపెట్టుకో. అక్కని కూడా పిలువు.

ఇట్లు,
కింద నుంచి రెండోవాడు, కూకట్‌పల్లి